టికెట్టక్క గీసిన మబ్బుచిరుత

జూ గేటుకు ఎడమ పక్కన అగ్గిపెట్టెలాంటి గది ఒకటుంది. ముందువైపు అద్దం, అద్దం కింద చెయ్యి పట్టేంత సందు, లోపల ఒక ఎత్తుపీట, కిర్రుకిర్రుమనే ఫ్యాను. ఆ సందుకు అవతల కూర్చుని టికెట్లు చింపి ఇచ్చే ఆవిడను అందరూ టికెట్టక్క అంటారు. ఆమెకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమే ఒక్క క్షణం వెనక్కి తిరిగి, ఎవరినబ్బా అని చూస్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఎక్కిన పీట అది. కూతురు పుట్టి, చదువుకుని, ఊరికి ఆ చివరున్న మందుల షాపులో ఉద్యోగం చూసుకుని, పెళ్ళి కూడా చేసుకుంది. టికెట్టక్క మాత్రం పీట దిగలేదు. అద్దానికి ఎవరో ఏనాడో అంటించిన నిబంధనల కాగితం సరిగ్గా వచ్చినవాళ్ళ ముఖాలకు అడ్డం. అందుకని ఆమెకు మనుషులకంటే చేతులే ఎక్కువ పరిచయం. సుద్దపొడి అంటిన చెయ్యి బడిపంతులుది. జిగురు జిగురుగా ఉండే బుల్లి చెయ్యి లోపలికి రాకముందే ఐస్‌క్రీము సాధించుకున్న పిల్లది. టికెట్ అందుకునేటప్పుడు కాస్త వణికే చెయ్యి, పెద్దవాళ్ళకు తెలియకుండా జంటగా వచ్చిన కుర్రవాడిది. ఈ విషయాలన్నీ సాయంత్రం ఇంటికెళ్ళి పూసగుచ్చినట్టు చెప్పకపోతే ఆమెకు అన్నం సయించదు.

విచిత్రమేమిటంటే, అన్నేళ్ళు జూలో పనిచేసినా ఆమె జంతువుల్ని చూసింది తక్కువ. గేటు దగ్గరి జిరాఫీలు గోడ మీదుగా తలలు పెట్టి కనిపిస్తాయి కాబట్టి వాటితో చూపుల స్నేహం ఉంది. సింహం అరిస్తే టైము ఎంతయిందో చెప్పగలదు. అంతకుమించి లోపలికి వెళ్ళాలన్న ధ్యాస ఆమెకెప్పుడూ కలగలేదు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకే గానీ, ఇంట్లోవాళ్ళకు ఇల్లు చూడాలనిపిస్తుందా?

అలాంటి రోజుల్లో మబ్బుచిరుత వచ్చింది.

ఎక్కడిదో దూరపు అడవుల జాతి. పేరుకు చిరుతే గానీ, పెద్ద కుక్కంత కూడా ఉండదు. ఒంటి మీద మబ్బుతునకల్లాంటి మచ్చలు, ఒంటితో పోటీపడే పొడుగుతోక. నేల మీద కంటే చెట్ల మీదే ఎక్కువ బతికే జంతువు. దాని రాక గురించి పేపర్లో ఫొటోతో సహా వేశారు. జనం తండోపతండాలుగా వచ్చారు. వచ్చి, బోను ముందు నిలబడి, కళ్ళు చికిలించి చూసి, ఏమీ కనపడక, తిన్నగా టికెట్ల గది దగ్గరికి తిరిగొచ్చారు.

"ఏమ్మా, ఖాళీ బోను చూడ్డానికా ఇంత హడావిడి?" అని మొదటి రోజు ఒక పెద్దమనిషి అద్దం మీద గొడుగుతో టకటకా కొట్టాడు.

"ఖాళీ కాదు బాబూ, లోపలే ఉంది."

"లోపల చెట్టుంది. చెట్టు మా పెరట్లో కూడా ఉంది."

ఆయన వెనకాల ఇద్దరు పిల్లల్ని చంకకొకరిని వేసుకున్న తల్లి. "మా వాడు నిన్నటి నుంచి నిద్రపోలేదండీ చిరుత చిరుత అని. ఇప్పుడు వీడికి నేనేం చూపించను, మీ ముఖమా?"

టికెట్టక్క మాటకు మాట అప్పజెప్పకుండా ఉండే మనిషి కాదు. "నా ముఖమైతే చూడొచ్చు, దానికి టికెట్ అక్కర్లేదు" అంది. ఆ తల్లి నవ్వేసింది కాబట్టి సరిపోయింది. కానీ రోజూ అందరూ నవ్వరు గదా. వారం తిరిగేసరికి తిట్లు తినీ తినీ ఆమెకు చెవులు చిల్లులు పడ్డాయి. అసలు జంతువే రాలేదనీ, పేపరు ఫొటో ఎక్కడిదో తెచ్చి వేశారనీ ఊళ్ళో పుకారు కూడా పుట్టింది.

ఇంతకీ అందులో ఏముందో తన కళ్ళతో తేల్చుకుందామని ఒకరోజు భోజనాల వేళ టిఫిను డబ్బా చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. పులులనూ చిరుతలనూ చూసుకునే ఆయన్ని పులులన్న అంటారు. వెదురుకర్రలా పొడుగ్గా, సన్నగా ఉంటాడు. జంతువులతో గంటలకొద్దీ మాట్లాడతాడు, మనుషులతో మాత్రం ముక్తసరి. బోను ముందు బకెట్ కడుగుతున్నాడు.

"అన్నా, నిజం చెప్పు. ఉందా, లేదా?"

"ఉంది."

"ఏదీ?"

"తోక వెతుకు."

అంతే. మళ్ళీ బకెట్‌లో మునిగిపోయాడు. టికెట్టక్క బోను వలకు ముఖం ఆనించి చూసింది. లోపల ఒక పెద్ద చెట్టు, గుబురు కొమ్మలు, ఎండపొడ. ఆకుల నీడలు కదులుతున్నాయి. చూసి చూసి మెడ పట్టేసింది. ఇక లాభం లేదని వెనక్కి తిరగబోతుండగా, ఒక కొమ్మ కింద వేలాడుతున్న తాడులాంటిది కాస్త కదిలింది. తాడుకు నల్లటి పట్టీలున్నాయి. తాడు పైకి చూపు పాకించింది. అక్కడ కొమ్మ ఉబ్బెత్తుగా ఉంది. ఉబ్బెత్తు ఊపిరి పీలుస్తోంది! అప్పటిదాకా ఎండానీడా అనుకున్నది కాస్తా ఒక్కసారిగా ఒళ్ళయింది, కాళ్ళయింది, రెండు గుండ్రటి చెవులయింది. అది కళ్ళు సగం తెరిచి, ఈమెను చూసి, నువ్వా అన్నట్టు మళ్ళీ మూసుకుంది.

"ఓరి నీ దుంప తెగ!" అంది టికెట్టక్క, చంకలో డబ్బా సంగతి మరిచిపోయి. డబ్బా కింద పడి కూర పావురాల పాలయింది.

ఆ రోజునుంచి టికెట్ ఇచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పడం మొదలుపెట్టింది. "కుడివైపు మూడో కొమ్మ చూడండి. ముందు తోక వెతకండి. నల్లపట్టీల తాడులా ఉంటుంది..." చెప్పడం బాగానే ఉంది గానీ, ఒక్కొక్కరికి ఇంత కథ చెబుతుంటే వెనకాల వరస బస్టాపు దాకా సాగింది. సూపరింటెండెంట్ గారు మేడ మీది కిటికీలోంచి చూసి దిగొచ్చారు. టై బిగించుకున్నా ముఖంలో బిగువు లేని మనిషి ఆయన.

"టికెట్లిస్తున్నావా అమ్మా, పాఠం చెబుతున్నావా?"

"రెండూ అండీ."

"ఒకటి తగ్గించుకో."

అప్పుడు తట్టింది ఆమెకు, బొమ్మ గీసి అద్దానికి అంటిస్తే సరిపోతుందని. బిస్కెట్ల అట్టపెట్టె చింపి, దాని మీద బాల్‌పెన్నుతో ఒక కొమ్మ, కొమ్మ మీద చిరుత, కింద తోక గీసింది. మచ్చలు కూడా పెట్టింది. తన వరకు తనకు బాగానే ఉందనిపించింది.

మొదట చూసింది కాలేజీ అమ్మాయిల గుంపు. "అక్కా, పాపం ఈ పిల్లికి తట్టు పోసిందా?" అని ఒకటే నవ్వు. తరవాత ఒక చిన్నపిల్ల తండ్రి భుజాల మీంచి వంగి చూసి, "నాన్నా, బల్లి!" అంది. మధ్యాహ్నానికల్లా ఆ అట్టముక్క పీట కిందికి చేరింది.

తిట్లకు లొంగని మనిషికి ఆ బల్లి మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రం ఇంటికెళ్ళి కూతురి చిన్ననాటి రంగులపెట్టె అటక మీంచి దించింది. సగం రంగులు ఎండి పెచ్చులు కట్టాయి. కుంచె వెంట్రుకలు నాలుగు దిక్కులకూ లేచి నిలబడ్డాయి. అయినా సరే అని వంటింటి బల్ల మీద కాగితం పరిచింది.

వాళ్ళుండేది భర్త తాళాల కొట్టు మీది రెండు గదుల్లో. కింద ఆయన తాళంచెవులు ఆకురాయితో అరగదీస్తుంటే, ఆ చప్పుడు మెట్ల మీదుగా ఇంట్లోకి వస్తూ ఉంటుంది. పై గదిలో కిటికీ పక్క కుర్చీ అత్తగారిది. ఆవిడ జీవితమంతా బజార్లో కూరగాయలు అమ్మింది. మోకాళ్ళు మొరాయించాక కుర్చీలో కూర్చుంది గానీ, నోరు మాత్రం ఇంకా బజార్లోనే ఉంది.

మొదటి బొమ్మ చూసి అత్తగారు అడిగింది. "ఇదేంటే, దిండుకి చెవులు కుట్టావ్?"

"చిరుత, అత్తయ్యా."

"చిరుతే? మరి దానికా సంగతి తెలుసా?"

భర్త చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు. బొమ్మ చూశాడు, భార్య ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు. "బాగానే ఉంది" అన్నాడు.

"బాగానే అంటే బాలేదనేగా?"

"నేనెక్కడన్నాను అలా? బాగానే అన్నాను." అని ఆకలేస్తోందంటూ పొయ్యి దగ్గరికి తప్పుకున్నాడు. పొయ్యి మీద కూర అప్పటికే మాడి మసయిపోయింది. ఆ పూట ముగ్గురూ రొట్టె, టీతో సరిపెట్టుకున్నారు.

మర్నాటి నుంచి భోజనాల వేళ మబ్బుచిరుత బోను ముందున్న బల్ల ఆమెకు స్థిరనివాసమయింది. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో గీసేది. గీయించుకునేవాళ్ళలో ఇంత మంచివాళ్ళు దొరకరు, అది పడుకుంటే కదిలేది కాదు. మొదట్లో చుక్కలుగా కనిపించిన మచ్చలు చూడగా చూడగా చుక్కలు కావని తెలిసింది. ఒక్కొక్కటి వానకు ముందరి మబ్బులా అంచున నల్లగా, నడిమిన బూడిదరంగుగా ఉంది. ఏ రెండూ ఒకలా లేవు. మెడ దగ్గరికొచ్చేసరికి సాగి చారలయ్యాయి, కాళ్ళ దగ్గర కుదించుకుపోయి చుక్కలయ్యాయి. పులులన్న అప్పుడప్పుడు వెనకనుంచి తొంగి చూసి "మీసాలు ఇంకా పొడుగు" అనో, "చెవి వెనక తెల్లమచ్చ" అనో ఒక్క ముక్క అనేసి వెళ్ళిపోయేవాడు. ఆయన నోట ఒక్క ముక్క రావడమే పెద్ద విశేషం.

ఎన్ని కాగితాలు చించిందో గానీ, చివరికి ఒక ఆదివారం మచ్చలు కుదిరాయి. ఆమెకే ఆశ్చర్యం వేసింది. గాలికి ఎగరకుండా గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. ఎప్పటిలా చురక వెయ్యలేదు. చాలాసేపు చూసింది. "మచ్చలు బాగున్నాయి" అంది.

టికెట్టక్కకు గాల్లో తేలినట్టయింది.

"పిల్లికే బరువు లేదు."

"బరువేంటి అత్తయ్యా? బొమ్మకి బరువేంటి?"

"కొమ్మ మీద అంటించిన కాగితంలా ఉందే. గాలొస్తే లేచిపోయేలా. ఎంతుంటుంది అది, పెద్ద గుమ్మడికాయంతన్నా ఉండదూ?" అని కొడుకును కేకేసింది. "ఒరేయ్, నీ పనిముట్ల సంచి ఒకసారి పట్రా!"

ఆయన తాళాలతో, ఇనపముక్కలతో బిర్రుగా నిండిన గోనెసంచి మోసుకొచ్చాడు. అత్తగారు దాన్ని కుర్చీచేతి మీద అడ్డంగా వెయ్యమంది. సంచి నడిమికి కుంగి, రెండువైపులా పొట్టలా జారింది. కుర్చీచెయ్యి కిర్రుమంది.

"అదీ. ఎక్కడ ఆనిందో అక్కడ నొక్కుకుపోవాలి. మిగతాది జారిపోవాలి. నేను బుట్ట ఎత్తకుండానే వంకాయలు ఎన్ని ఉన్నాయో చెప్పేదాన్ని, ఎలా అనుకున్నావ్? బుట్ట అడుగు చూసి."

టికెట్టక్క ఆ సంచిని చూసింది, తన బొమ్మను చూసింది. తన చిరుత నిజంగానే కొమ్మను తాకకుండా పైన తేలుతోంది. అక్కడికక్కడే కూర్చుని గోనెసంచి బొమ్మ గీసింది. తరవాత దానికే కాళ్ళు, తల, తోక పెట్టింది. ఈసారి భర్త మెట్లెక్కి వచ్చి "బాగానే" అనలేదు. "అమ్మో" అన్నాడు.

ఆ బొమ్మను టికెట్ల గది అద్దానికి అంటించిన రోజున ఎవరూ నవ్వలేదు. చూసి, తల ఊపి, లోపలికెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు అద్దం దగ్గర ఆగి, "కనిపించిందక్కా!" అని చెప్పిపోయారు. అలా చెప్పడానికి వెనక్కొచ్చే జనాన్ని ఆ గది ముందు అదివరకు ఎవరూ చూడలేదు. సూపరింటెండెంట్ గారు మళ్ళీ మేడ దిగారు. అద్దానికి ముక్కు ఆనించి బొమ్మ చూశారు.

"ఎవరు గీశారు?"

"నేనేనండీ. తీసెయ్యమంటారా?"

"తీసెయ్యడమేంటమ్మా? ఇంత చిన్నగా ఎందుకు గీశావంటున్నాను. బోను పక్కన పెద్ద బోర్డు పెడదాం. చెక్క ఇప్పిస్తాను. కటకటాలకు వేసిన రంగులు స్టోర్‌లో మిగిలున్నాయి, అవి వాడుకో."

"నా వల్ల కాదండీ, నేను టికెట్లు చింపేదాన్ని" అని ఆమె ఎంత చెప్పినా ఆయన వినిపించుకోలేదు. సంతోషం వచ్చినప్పుడు ఆయనకు చెవులు పనిచేయవు.

బోర్డు అంటే మనిషంత ఎత్తు. గడ్డిమోపుల కొట్టంలో గోడకు ఆనించి పెట్టారు. కౌంటరు మూశాక రోజూ అక్కడికి వెళ్ళి, ఆ తెల్లటి చెక్క ముందు చేతులు కట్టుకుని నిలబడేది. ఒక్క గీత పడేది కాదు. పడుకున్న చిరుతను అంత పెద్దగా గీస్తే ఏం బాగుంటుంది, మంచానికి దుప్పటి పరిచినట్టు ఉంటుందనిపించేది.

ఆమె అవస్థ చూసి పులులన్న తన జీవితంలోకెల్లా పొడుగైన మాట చెప్పాడు. "నువ్వు దాని నిద్ర తప్ప ఏమీ చూళ్ళేదక్కా. పొద్దు వాలాక మేత పెడతాను. ఇవాళ ఆగు."

ఆగింది. జనమంతా వెళ్ళిపోయారు. ఎండ చెట్టు చిటారు కొమ్మల మీదికి ఎగబాకింది. పులులన్న లోపలి తలుపు ఎత్తి మాంసం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. పైన కొమ్మ మీద చిరుత లేచి, వీపు విల్లులా వంచి, ఒళ్ళు విరుచుకుంది. కొమ్మ మీద నడుచుకుంటూ మాను దగ్గరికి వచ్చింది. ఇక వెనక్కి తిరిగి, జారుకుంటూ దిగుతుంది కాబోలు అనుకుంది టికెట్టక్క. పిల్లులన్నీ అంతే కదా.

అది వెనక్కి తిరగలేదు. తల కిందికి పెట్టింది. ముందుకాళ్ళు మానుకు ఆనించి, వెనక పాదాలు వెనక్కి మెలిపెట్టి గోళ్ళతో బెరడు పట్టుకుని, నిట్టనిలువు మాను మీద ఉడతలాగా తలకిందులుగా నడుచుకుంటూ దిగింది. తొందర లేదు, తడబాటు లేదు. పొడుగుతోక పైన నిలువుగా లేచి, గాలిలో అటూ ఇటూ సరిచూసుకుంటోంది. పచ్చటి కళ్ళు తిన్నగా ఈమె మీదే ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఆగి, తలకిందులుగానే, తీరిగ్గా మూతి నాక్కుంది.

  ఆ రాత్రి ఇంట్లో టికెట్టక్క చేతుల కబుర్లు ఒక్కటీ చెప్పకుండా అన్నం తినేసరికి అత్తగారికి అనుమానమొచ్చి నుదురు తాకి చూసింది.

ఆ మర్నాడు మొదలైన బోర్డు పని మూడు వారాలు నడిచింది. స్టోర్‌లో ఆకుపచ్చ కావలసినంత, పసుపు కొంచెం, నలుపు ఒక డబ్బా దొరికాయి. బూడిదరంగు లేకపోతే నలుపులో సున్నం కలుపుకుంది. తల ఒకసారి ఎద్దు తలంత పెద్దదయింది, చెరిపేసింది. వెనక పాదాలు తిప్పడం రాక తన పాదాన్నే పీట మీద వెనక్కి మడుచుకుని చూస్తుంటే కండరం పట్టేసి, భర్త వచ్చి తైలం రాయాల్సి వచ్చింది. బరువు ఈసారి కొమ్మ మీద కాదు, ముందుకాళ్ళ మీద పడాలి. భుజాలు ఉబ్బాలి, మెడ కండ కుదించుకోవాలి. ఇనపసంచిని ఆ కొట్టం దూలానికి వేలాడదీయించి మరీ గీసింది. బోర్డు నిండా బెరడు, ఆకులు, వాటి మధ్య తల కిందికి పెట్టి దిగుతున్న చిరుత. నేల లేదు, ఆకాశం లేదు. పేరు రాసిన పలక వేరేగా చేయించారు కాబట్టి అక్షరాల గొడవ కూడా లేదు.

పూర్తయిన రోజు సాయంత్రం కాసేపు ఆ బోర్డు ముందు కూర్చుని, రంగు అంటిన చేతులు చూసుకుంది. అన్నేళ్ళూ ఊరందరి చేతులూ చూసిన మనిషి, తన చేతుల్ని అంతసేపు చూడటం అదే మొదలు.

మర్నాడు ఆమెకు వారపు సెలవు. ఆ పైరోజు పొద్దున్నే వెళ్ళేసరికి బోను ముందు జనం మూగి ఉన్నారు. బోర్డు ఎక్కించేశారు. "అబ్బ, ఎంత బాగా ఎక్కుతోందో చూడండి!" అంటున్నారెవరో.

ఎక్కడమేమిటని గుంపును తోసుకుని ముందుకెళ్ళింది. చిరుత తల పైకుంది. తోక కిందికుంది. ఆకులన్నీ ఆకాశం వైపు వేలాడుతున్నాయి. జూ వడ్రంగి నిచ్చెన పక్కన, పెద్ద పని చక్కబెట్టినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తలకిందులుగా కొట్టావేంటయ్యా!"

"నేనా? నువ్వే తలకిందులుగా పెట్టిపోయావక్కా. నేను కాబట్టి కనిపెట్టి సరిచేశాను. ఇంకోడైతే అలాగే కొట్టేసి నీ పరువు తీసేవాడు."

"అది దిగుతోంది!"

"ఎవరు, పిల్లా? తల కిందికి పెట్టా?" వడ్రంగి జనం వైపు తిరిగాడు. "మా ఇంటి పిల్లి వేపచెట్టు ఎక్కి దిగలేక రెండు రోజులు ఏడిస్తే నేనే నిచ్చెన వేసి దింపానండీ. పిల్లుల సంగతి నాకు తెలియదా?"

జనం వడ్రంగి పక్షమే. సూపరింటెండెంట్ గారు కూడా వచ్చి, "ఇలా కూడా బాగానే ఉందిగా అమ్మా, ఎక్కడం శుభం కదా" అని నచ్చజెప్పబోయారు. టికెట్టక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు, అదే ఆమెకు చిక్కు. ఒప్పుకుంటే చాలు, ఈ మెప్పంతా తనదే. కానీ ఆకాశం వైపు వేలాడే ఆ ఆకుల్ని ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు.

"సాయంత్రం మేత వేళకు రండి. మీరు కూడా రండి సార్" అంది చివరికి. "అది ఎలా దిగితే బోర్డు అలా పెడదాం. వెనక్కి జారుతూ దిగిందా, నేనింక కుంచె ముట్టుకోను."

వడ్రంగి పందెమన్నట్టు సుత్తి మొలలో దోపుకున్నాడు.

ఆ సాయంత్రం బోను ముందు ఒక చిన్న జాతరే అయింది. పొద్దున వచ్చినవాళ్ళు కొందరు ఇళ్ళకు పోకుండా అక్కడే ఉండిపోయారు. టికెట్టక్క భర్త కొట్టు మూసి, తల్లిని ఆటోలో ఎక్కించుకుని తెచ్చాడు. కోడలి బొమ్మ చూడ్డానికని వచ్చిన అత్తగారు, బోర్డును చూడగానే "ఇదేంటే, బరువంతా పైకి పోతోంది?" అని అక్కడున్నవాళ్ళందరికీ వినిపించేలా అడిగింది. వడ్రంగి ముఖం కాస్త చిన్నబోయింది.

పులులన్న మేత పెట్టాడు. చిరుత లేచింది. అంతమందిని చూసి మళ్ళీ పడుకుంది. వడ్రంగి దగ్గాడు. సూపరింటెండెంట్ గారు గడియారం చూసుకున్నారు. టికెట్టక్క చెట్టు మీంచి చూపు తిప్పలేదు. ఇవాళ బుద్ధిగా వెనక్కి తిరిగి దిగితే? అసలు ఆ రోజు తను చూసింది నిజమేనా? పిల్లలు విసుగెత్తి గులకరాళ్ళాట మొదలెట్టారు.

అప్పుడు అది కొమ్మ మీంచి లేచి, మాను దగ్గరికి వచ్చి, తల కిందికి పెట్టింది.

పిల్లలు గులకరాళ్ళు వదిలేసి లేచారు. నిట్టనిలువు మాను మీద ఒక్కొక్క అడుగే వేస్తూ, తోక జెండాలా ఎత్తుకుని, తలకిందులుగా దిగుతూ వచ్చింది. సగం దూరంలో ఆగి అందరినీ తిరగేసిన ముఖంతో ఒకసారి కలయజూసింది. తరవాత రెండు అంగల్లో నేలమీదికి దూకి, మాంసం నోట కరుచుకుని, మళ్ళీ పైకి పోయింది.

ముందుగా నవ్వింది వడ్రంగే. కడుపు పట్టుకుని నవ్వాడు. "మా పిల్లికి ఈ విద్య ఎవరైనా నేర్పి ఉంటే నాకు నిచ్చెన తప్పేది కదక్కా!" అంటూ నిచ్చెనెక్కి మేకులు ఊడదీశాడు. భర్త ఒకవైపు, పులులన్న ఒకవైపు పట్టుకున్నారు. బోర్డు తిరిగి నిలబడేసరికి జనం చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆకులు కిందికి వేలాడాయి. బరువు భుజాల మీదికి దిగింది. చిరుత ఇప్పుడే బోర్డులోంచి కాలు బయటపెట్టేలా ఉంది.

టికెట్టక్క చప్పట్ల వైపు చూడలేదు. ఆమె చెవులు వెనకనున్న బల్ల మీద ఉన్నాయి. అత్తగారు పక్కన కూర్చున్న, ముక్కూముఖం తెలియని ఒకావిడతో అంటోంది. "అది వేసింది మా కోడలే. రంగు కలపడం, గీత గియ్యడం, అంతా తనే. ఎవరూ నేర్పలేదు." ఇంట్లో ఆ మాట ఒక్కసారీ అనలేదు ఆవిడ. టికెట్టక్క వినపడనట్టే బోర్డు అంచున లేని దుమ్ము తుడుస్తూ నిలబడింది. 

ఇప్పుడు మబ్బుచిరుత బోను దగ్గర ఎవరూ నేల చూపులు చూడరు. బోర్డు చూసి, తలెత్తి, కొమ్మ కొమ్మా వెతుకుతారు. తోక ముందు కనిపెట్టినవాళ్ళు మిగతావాళ్ళకు చెప్పకుండా కాసేపు ఊరిస్తారు. సూపరింటెండెంట్ గారికి సంతోషం మళ్ళీ వచ్చింది, చెవులు మళ్ళీ పనిచేయడం మానేశాయి. గుడ్లగూబ బోర్డు అయింది, ముళ్ళపంది బోర్డు అయింది. పొద్దున టికెట్లు, మధ్యాహ్నం నుంచి కుంచె అని ఆయనే పని పంచిపెట్టారు. పీట మీద సగం రోజు ఇంకొకరు కూర్చుంటున్నారు.

ప్రస్తుతం నీటికుక్కల వంతు నడుస్తోంది. వాటితోనే వచ్చింది తంటా. మునిగింది ఒకచోట, తేలింది ఇంకోచోట. ఒక మూతి గీసేలోపల మూడు మూతులు మారిపోతాయి. ఆదివారాలు అత్తగారు కూడా కోడలి వెంట వస్తోంది. దిండు ఒకటి తెచ్చుకుని చెరువుగట్టు బల్ల మీద కూర్చుంటుంది. కోడలు కాగితం మీద కాగితం చించుతుంటే చూసి చూసి, ఉండబట్టలేక, బజారు గొంతుతో నీళ్ళలోకి కేకేస్తుంది.

"ఓసేయ్, నిన్నే! ఆ మూతి తిప్పకుండా ఒక్క క్షణం నిలబడవే! మా కోడలు నిన్నేం కొరుక్కు తినదు!"

నీటికుక్క తల పైకెత్తి, ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూస్తుంది. ఆ ఒక్క చూపు చాలు టికెట్టక్కకు, గబగబా రెండు గీతలు గీసుకుంటుంది.